మేక ఒప్పుకునే దాకా

పాలపొడి డబ్బాను బోర్లించి అడుగున అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టాడు సుబ్బన్న. చెంచాడు కూడా రాలలేదు. అంచుల్లో అంటుకున్న పొడిని వేలితో గీకి, గోరువెచ్చని నీళ్లలో కలిపి సీసాలో పోశాడు. బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. రబ్బరు పీక బిగించి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకొని వేడి చూసుకున్నాడు.

చాప మీద పడుకున్న జింకపిల్ల తల ఎత్తింది. ఇరవై అయిదు రోజుల పిల్ల. వేరుసెనగ పొట్టు రంగు ఒళ్లు. కళ్ల మూలల నుంచి మూతి దాకా కాటుకతో గీసినట్టు రెండు చారలు. లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు నిలబెడుతుంది. ముందు మోకాళ్ల మీద కాసేపు అలాగే ఆగి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఒక్కసారి లేచి నిలుచుంటుంది. ఇన్ని రోజులుగా చూస్తున్నా ఆ లేవడం చూసినప్పుడల్లా సుబ్బన్నకు నవ్వొస్తుంది.

"ఏమయ్యో, మహారాణికి ఫలహారం అయిందా? మొగునికి రొట్టె చల్లారిపోతాంది." వంటగది గుమ్మంలో నిలబడి అంది గంగులమ్మ.

"వచ్చాండా మే. అడుగు చుక్కలు తాగుతాంది."

"పెండ్లయి అయిదు నెలలు కాలే. అప్పుడే బిడ్డనెత్తుకొని తిరుగుతాండావు. రాయచోటిలో ఎవురన్నా వింటే నన్నేమనుకుంటారు?"

"నీ పోలికే అనుకుంటారు. ఆ కండ్లు చూడు."

గంగులమ్మ పిండి చేతిని అతని వైపు విదిలించి లోపలికి పోయింది. ఆమె వెనకాల గుమ్మం పక్కన రెండు సంచులు మూతి కట్టి ఉన్నాయి.

సుబ్బన్నకు నలభై ఆరేళ్లు. చిన్నప్పుడు రాయచోటి చుట్టుపక్కల గుట్టల్లో మేకలు కాశాడు. పదకొండేళ్ల కిందట కువైట్ వచ్చి, మంగఫ్ దాటాక సముద్రం ఒడ్డునున్న తోటలో, తనకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గర, జంతువులకు మేత వేసే పనిలో కుదిరాడు. ఆ ఇంట్లోనే గంగులమ్మ వంటమనిషి. మూడేళ్లు ఒకే వంటగది తిండి తిని, మొన్న ఏప్రిల్లో సెలవు మీద పోయి పెళ్లి చేసుకొని వచ్చారు. జూలైలో కఫీల్ కుటుంబం ఎండలకు లండన్ వెళ్లింది. 1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చింది. ఫోన్లు పోయాయి. సైనికులు మొదటిసారి వచ్చినప్పుడు మేత బస్తాలు ఎక్కించుకుపోయారు, రెండోసారి జింకలను. పక్షులనైనా దక్కించాలని సుబ్బన్న ఆ సాయంత్రమే పంజరాల తలుపులన్నీ తెరిచేశాడు. అప్పటికి రెండు రోజుల ముందే పుట్టిన ఈ పిల్ల మాత్రం నీళ్లతొట్టి వెనక నీడలో కదలకుండా పడుకొని వాళ్ల కంట పడలేదు.

దాన్ని ఎత్తుకోవడానికి ఆ రోజు అతని చేయి ఒక క్షణం ఆగింది.

మూడేళ్ల కిందట కఫీల్ తన పిల్లలకు ఏనుగులు చూపించడానికి ఆఫ్రికా వెళుతూ, సామాను మోయడానికి సుబ్బన్నను వెంట తీసుకుపోయాడు. టాంజానియాలో సముద్రపు ఒడ్డునే అడవి ఉన్న నేషనల్ పార్కు అది. అక్కడ మూడు రోజులు. అడవి వచ్చి ఇసుకలో ఆగిపోతుందని, ఇసుక మీద నక్కల అడుగులు, జింకల అడుగులు కలిసి ఉంటాయని అతను కలలో కూడా అనుకోలేదు. మొదటి పొద్దున్నే తడి ఇసుకలో ఏనుగు అడుగు కనిపించింది. లోపల అల నీళ్లు నిలిచాయి, ఆ నీళ్లలో గోరంత పీత ఒకటి ఈదుతోంది. నీళ్లక్యాను పక్కన పెట్టి, ఆ అడుగులో తన పాదం పెట్టి చూసుకున్నాడు. ఇంకో పాదానికీ చోటుంది. అంత సంతోషం దేనికో అతనికి తెలియదు. మంగఫ్‌లో మన పనివాళ్లుండే గదుల్లో చెబితే "సముద్రంలో ఏనుగులంట, బాగా చెప్పినావులే సుబ్బన్నా" అని నవ్వారు. గంగులమ్మ ఒక్కతే నవ్వకుండా "పీత ఏం రంగు?" అని అడిగింది. ఆమెను పెళ్లి చేసుకోవాలని అప్పుడే అనిపించింది.

అక్కడే, గడ్డిలో పడుకున్న జింకపిల్లను తాకబోతే పార్కు గైడు అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "మనిషి వాసన అంటితే దాని బతుకు చెడుతుంది" అన్నాడట. కఫీల్ అరబ్బీలో చెప్పాడు. చేతుల మీద ఎన్ని మేకపిల్లలను సాకలేదు అని సుబ్బన్న లోపల నవ్వుకున్నాడు.

తొమ్మిదింటికి డ్రైవర్ రసూల్ పికప్ తెచ్చి గేటు దగ్గర ఆపాడు. వాళ్ల ఊరి పక్కవాడే.

"అన్నా, మూడు గంటలకు ఫహాహీల్ నుంచి బస్సు. బాగ్దాదు మీద జోర్డాను. ఇద్దరి పేర్లూ రాయించినా. రెండున్నరకు మళ్లా వచ్చా, తయారుగా ఉండండి. ఆలస్యం చేచ్చే మీ సీట్లలో ఇంకెవురో కూర్చుంటారు."

"దీన్ని ఒళ్లో పెట్టుకుంటే..."

"సుబ్బన్నా! మనుషులకే చోటు లేక దేవులాడతాండారు. చెక్‌పోస్టు కాడ వాళ్లు దీన్ని చూచ్చే కూర వండుకుంటారు. ఖలాస్!"

రసూల్ వెళ్లిపోయాడు. సుబ్బన్న పిల్లను చంకలో పెట్టుకొని రోడ్డు దాటాడు. అవతల రేకుల దొడ్లో ఉమ్ సాలెం అనే ఎడారి బదూ తెగ ముసలామె పన్నెండు మేకలతో ఉంటుంది. అందులో ఒక నల్లమేకకు మొన్న చచ్చిన పిల్ల పుట్టింది. పొదుగు రాయిలా బిగిసి ఉంది. ముసలామె వేళ్లు వంకర తిరిగిపోయాయి, పితకలేదు. పిల్ల కుడిస్తే మేకకూ మంచిదే. కానీ మేక ఒప్పుకోవాలి.

ఒప్పుకోలేదు. పిల్లను వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసి, నుదుటితో కుమ్మింది. పిల్ల దొర్లిపడి లేచి, పరుగున వచ్చి సుబ్బన్న కాళ్ల మధ్య దూరింది.

"ఇది మేకపిల్ల కాదని దానికి తెలీదా?" అంది ఉమ్ సాలెం. బురఖాలోంచి కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

"తెలీకుండా చేచ్చాం మామా" అన్నాడు సుబ్బన్న. అరబ్బు ఇళ్లలో పెద్దామెను అమ్మా అన్నట్టు అలాగే పిలుస్తారు.

ఊళ్లో తల్లి లేని పిల్లను వేరే మేకకు అలవాటు చేసే పద్ధతి అతనికి బాగా తెలుసు. మేకను గుంజకు కట్టేశాడు. బిగిసిన పొదుగును గోరువెచ్చని నీళ్లతో తడిపి, బొటనవేలితో మెల్లగా వత్తి దోసెడు పాలు తీశాడు. ఆ పాలు జింకపిల్ల వీపుకు, తోకకు పూశాడు. మీద ఉప్పు చల్లాడు. మేక తల తిప్పుకుంది. మళ్లీ పూశాడు. మళ్లీ తిప్పుకుంది. ఎండ నెత్తికెక్కింది. గంగులమ్మ మజ్జిగ తెచ్చి, అతను తాగుతుంటే పిల్లను తాను పట్టుకుంది.

"నాలుగుసార్లయింది" అంది.

"పదిసార్లయినా కానీ."

ఆరోసారి మేక నాలుక చాపింది. ఉప్పు తగిలింది. ఆ ఉప్పు కింద తన పాల వాసన తగిలింది. వీపు నాకింది. తోక నాకింది. గొంతులోంచి సన్నగా గురగురమంది. గంగులమ్మ సుబ్బన్న మోచేయి గిల్లింది.

అయితే ఇప్పుడు పిల్ల ఒప్పుకోలేదు. మూతిని పొదుగు దగ్గర పెడితే మొహం తిప్పి సుబ్బన్న వేలు చీకింది. చన్ను నోట్లో పెడితే వదిలేసి అతని పంచె అంచు పట్టుకుంది. అతను గోడ అవతలికి పోతే మేకను దాటుకొని గేటుకు వచ్చి, ముక్కు ఇనుపచువ్వల్లో పెట్టి సన్నగా అరిచింది.

"నువ్వే దాని తల్లివి. తల్లి ఉండగా ఇంకో తల్లిని ఎవరు అడుగుతారు?" అంది ఉమ్ సాలెం.

సుబ్బన్న గోడ నీడలో చతికిలబడ్డాడు. రెండు దాటింది. మణికట్టు వైపు చూసుకున్నాడు. గైడు పట్టుకున్న చోటు. మనిషి వాసన అంటితే. అంటింది. ఈ పాతిక రోజుల్లో పిల్లకు తెలిసిన వాసన అదొక్కటే.

రోడ్డు మీద హారన్ మోగింది.

"యల్లా సుబ్బన్నా! యల్లా!"

"వచ్చాండాడు, అరవగాకు! ఒక్క నిముషం ఆగితే నీ బండి అరిగిపోదులే" అని గంగులమ్మ రసూల్‌ను కసురుకుంది. భర్త వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఏం చేచ్చావు?"

సుబ్బన్న లేచి చొక్కా గుండీలు విప్పసాగాడు. నీలం చారల చొక్కా. నీళ్ల కరువులో వారం రోజులుగా ఉతకలేదు. చెమట ఎండి వీపు మీద తెల్లటి మ్యాపులా ఉప్పు పేరుకుంది. దాన్ని మేక వీపు మీద పరిచి, చొక్కా చేతులు రెండూ మేక కడుపు కిందికి తెచ్చి, పొదుగుకు తగలకుండా ముడివేశాడు. మేక మెడ తిప్పి చూసి ఊరుకుంది.

పిల్లను దింపి, నోరు మెదపకుండా గోడ చాటుకు వెళ్లాడు.

జింకపిల్ల గేటు వైపు నాలుగు అడుగులు వేసింది. ఆగింది. ముక్కు పైకెత్తింది. వెనక్కి తిరిగి చొక్కా దగ్గరికి వచ్చి కాలరులో మూతి పెట్టింది. అక్కడ వేలు లేదు, సీసా లేదు. మూతిని గుడ్డ వెంట జరుపుకుంటూ వీపు మీంచి పక్కకు, పక్క నుంచి కిందికి వెతికింది. ముడి దగ్గర కాసేపు గుడ్డనే చీకింది. తర్వాత ముందు మోకాళ్లు వంచింది.

చప్పుడు సుబ్బన్నకు గోడ అవతల నుంచి వినిపించింది. సీసా చప్పుడు కాదది. మెత్తగా, తొందరగా, మధ్యమధ్య గుక్క తిప్పుకుంటూ. లోపలికి చూడాలనిపించింది. చూస్తే పిల్లకు తన వాసన తగులుతుంది, తగిలితే పొదుగు వదిలేస్తుంది. గోడ చాటునే నిలబడి లెక్కపెట్టుకున్నాడు. ముప్పై. నలభై. చప్పుడు ఆగలేదు.

ఉమ్ సాలెం గేటు దగ్గరికి వచ్చి, మాట్లాడకుండా చేత్తో 'వెళ్లు' అని సైగ చేసింది.

"మామా, ఆ చొక్కా నాలుగు దినాలు తీయద్దు" అన్నాడు గుసగుసగా. "ఉతకద్దు."

బనియనుతోనే పికప్ ఎక్కాడు. గంగులమ్మ సంచి మూతి విప్పబోతే రసూల్ "బస్సెక్కినాక తొడుక్కుంటాడులే వదినా, ఇదేం పెండ్లి ఊరేగింపా?" అని గేరు వేశాడు. వేడిగాలి ఖాళీ భుజాలకు తగిలింది. గంగులమ్మ తన చున్నీ చివర తెచ్చి అతని వీపు మీద వేసింది. పికప్ మలుపు తిరిగే చోట గోడ కూలి ఉంది. అక్కడ తల తిప్పకూడదనుకుంటూనే తిప్పాడు సుబ్బన్న.

నల్లమేక కాళ్లు ఎడంగా పెట్టి కదలకుండా నిలబడి ఉంది. దాని వీపు మీద నీలం చారల చొక్కా. సముద్రపు గాలికి కాలరు కొంచెం లేచి, మళ్లీ సర్దుకుంది.