వెనక్కి జరిపిన సీటు

ఆవిడ పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. అందుకే ల్యాబులో అందరూ పళ్ళక్క అంటారు. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు ఆవిడ చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు గానీ, ఆవిడతో కలిసి నవ్వే మనిషి ఇంట్లో ఒక్కరూ లేరు. యాభై ఆరేళ్ళొచ్చాయి. ఒకప్పుడు సొంత కారుండేది. ఎక్కేది తనొక్కతే, పొమ్మంటే పోయే చోటూ లేదు. ఎందుకొచ్చిన గోల అని అమ్మేసింది. ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం అద్దె కార్ల షాపులో పాత తెల్ల కారొకటి తీసుకుంటుంది. అరవై కిలోమీటర్లు వెళ్ళి, రిజర్వాయరు గట్టు మీద డబ్బా విప్పుకుని తిని, తిరిగొస్తుంది. అంతే, అదే ఆవిడ పండగ.

ఆ షాపులో ఒక పద్ధతుంది. ప్రతి బండిలో ఒక నోటుబుక్కు పెడతారు. తిరిగిచ్చేవాళ్ళు బండిలో తేడాలేమైనా ఉంటే అందులో రాయాలి, తర్వాత తీసుకునేవాళ్ళు బయల్దేరేముందు చదువుకోవాలి. మిగతా బండ్లలో 'ఓకే' అని గీకి పడేస్తారు. ఈ డొక్కు బండిని అడిగేది మాత్రం ఇద్దరే. ఆదివారం పళ్ళక్క, ముందురోజు శనివారం ఎవరో ఒకాయన. ఆయన ఆకుపచ్చ సిరాతో ఉత్తరం రాసినట్టు రాసేవాడు.

'ఆదివారం వారికి: సీటు మరీ ముందుకి లాగేసి వెళ్తున్నారు. నా మోకాళ్ళు స్టీరింగుకి ముద్దులు పెడుతున్నాయి.'

గట్టు మీద ఒక్కతే పడీపడీ నవ్వింది. 'మోకాళ్ళకి సారీ చెప్పండి' అని రాసింది. అప్పట్నుంచీ బండి తిరిగిచ్చేటప్పుడు సీటు పూర్తిగా వెనక్కి జరిపి దిగేది.

అలా ఏడాది గడిచింది. రూలు ప్రకారం ముందే చదవాలి గానీ, షాపు దగ్గరే చదివేస్తే ఇంక గట్టు మీద మిగిలేదేముంది? తినడమయ్యాకే పుస్తకం తెరిచేది. ఈ సంగతి ఎవరికి తెలుసు? ఎవరికీ తెలీదు.

ఈ నెల తొమ్మిదింటికి వెళ్ళేసరికి, బండి పక్క బెంచీ మీద పొడుగాటి మనిషొకడు చక్రానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పళ్ళక్క ఎక్కి, సీటు ముందుకి లాక్కుని, అద్దాలు సరిచేసుకుని, అయిదు నిమిషాలకి తల బయటికి పెట్టింది.

"ఏవండీ, దారికడ్డంగా ఆ కాళ్ళేంటండీ? తీయండి, నేను వెళ్ళాలి!"

ఆయన మొహం చిన్నబోయింది. "అలాగేనండీ" అని కాళ్ళు ముడుచుకున్నాడు.

'రోడ్డు తాతగారిదైనట్టు కూర్చుంటారు' అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

గట్టు మీద రెండు ముద్దలు తిని, ఆగలేక పుస్తకం తెరిచింది.

'ఆదివారం వారికి: నేను సొంత కారు కొనుక్కున్నాను. ఇక ఇందులో రాయను. ఇంట్లో నేనొక్కణ్ణే. మీరూ ఒక్కరేనేమో అనిపించింది, తప్పయితే క్షమించండి. రేపు తొమ్మిదింటికి బండి పక్క బెంచీ మీద ఉంటాను. చదివాక ఇష్టమైతే పలకరించండి. లేకపోతే బండి తీసుకుని వెళ్ళిపోండి, ఏమీ అనుకోను.'

"అయ్యో, నా నోరు పడిపోను!" అంది పైకే. డబ్బా మూత కూడా పెట్టకుండా బండి తిప్పింది.

బెంచీ ఖాళీ. షాపులో కౌంటరు దగ్గరుండే ఆవిడ చెప్పింది. "పదిన్నరదాకా కూర్చున్నాడక్కా. టీ తెప్పించనా అంటే వద్దన్నాడు. 'ఆవిడ సమాధానం చెప్పేశారు లెండి' అని నవ్వి వెళ్ళిపోయాడు."

"ఫోన్ నంబరివ్వమ్మా, నీకు పుణ్యముంటుంది."

"ఇంకెక్కడి నంబరక్కా? ఇక రాను, నా వివరాలు తీసేయండి అని దగ్గరుండి తీయించాడు."

పళ్ళక్క వచ్చి మళ్ళీ బండిలో కూర్చుంది. ఏడుపు ముంచుకొచ్చింది, ఏడ్చింది. తర్వాత ఆకుపచ్చ రాత కింద రాసింది.

'శనివారం వారికి: నేను బయల్దేరేముందు చదవను. మీ మాట గట్టుదాకా దాచుకుంటాను.'

పుస్తకం అరలో పెట్టేసి, అలవాటుకొద్దీ సీటు పూర్తిగా వెనక్కి జరిపింది. కాళ్ళు బ్రేకుకి అందలేదు. దిగకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.