దొరబాబు వంతు

మా వీధిలో పన్నెండు కొట్లకు కలిపి ఒకటే కొండచిలువ. పేరు దొరబాబు. తినడం, పడుకోవడం తప్ప ఇంకో పని లేదు కాబట్టి ఆ పేరు పెట్టారట. పన్నెండేళ్ళ క్రితం వరదల్లో ఏ కొండల్లోంచో దుంగ మీద కొట్టుకొచ్చిన మూరెడు పిల్లని మా మావగారు తెచ్చి బియ్యం కొట్లో వదిలారు. ఇప్పుడది తొమ్మిది అడుగులో, పదకొండో. సరిగ్గా కొలిచిన వాళ్ళు లేరు.

పాలకొల్లులో కొట్టు పెట్టినవాడికి పందికొక్కులతో ఎంత బాధో చెప్పక్కర్లేదు. బియ్యం, బెల్లం, ఎండుకొబ్బరి, ఏదీ వదలవు. అందుకని దొరబాబు కొట్టుకి పదిహేను రోజుల చొప్పున వంతులవారీగా తిరుగుతాడు. వంతు అయిన రోజు పొద్దున్నే వెంకన్న వచ్చి, దాన్ని వెదురుబుట్టలో చుట్టపెట్టి, మూతకి తాడు కట్టి, తన రిక్షాలో పక్క కొట్టుకి చేరుస్తాడు. బుట్టతో పాటు ఒక చీటీ కూడా వెళుతుంది. "ఆదివారం ఒక పందికొక్కు. తరవాత కదల్లేదు" అని. అంతే. ఒకసారి అది పడుకుని వెళ్ళిన కొట్లోకి ఆ వాసనకి ఐదునెలల దాకా పందికొక్కు తొంగిచూడదు. ఆరో నెలకి మళ్ళీ వంతు వస్తుంది.

పాము ఉండకూడదనే మనిషిని కాను నేను. మా మేనత్త కొడుకు ఉయ్యాల్లో ఉండగా పందికొక్కు వాడి కాలి బొటనవేలు కొరికేసింది. ఆ వేలు ఇప్పటికీ వంకరే. అందుకని ఏడాదికి రెండుసార్లు దొరబాబు రావాలి, పదిహేను రోజులుండాలి, ఆ పదిహేను రోజులూ నేను రామచంద్రపురంలో మా అమ్మ దగ్గరుండాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ పద్ధతిలో ఎవరికీ ఇబ్బంది లేదు.

మా ఇంట్లో ముందు కొట్టు, దాని వెనక బియ్యం నిలవచేసే గది, ఆ వెనక మేముండే సావిడి. గదికీ సావిడికీ మధ్య ఒక తలుపు. దాని కింద నా అరచెయ్యి నిలువుగా పట్టేంత సందు. ఆ సందు గురించి నేను మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. బిగిస్తే గాలాడక బియ్యం ముక్కిపోతాయంటారు.

ఆ బుధవారం నేను ఎనిమిది నెలల పిల్లాణ్ణి చంకనేసుకుని పుట్టింటి నుంచి వచ్చేసరికి, అనుకున్నట్టే, బుట్ట రిక్షాలో ఎక్కేసి ఉంది. తరవాతి వంతు కొబ్బరికొట్టు అచ్చిబాబుగారిది. ఆయన హారతి పళ్ళెంతో సహా ఎదురొచ్చి నిలబడ్డారు. అమ్మయ్య అనుకున్నాను. మావాడు ఆ వారమే పాకడం నేర్చాడు. ఇంటికి రాగానే సావిడిలో దింపి వాళ్ళ నాన్నకీ నానమ్మకీ చూపించాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

అప్పుడే స్కూటరు మీద ఒకాయన వచ్చి ఆగాడు. ఖాకీ బట్టలు, చంకలో ఫైలు.

"ఆ బుట్టలో ఏంటయ్యా?" అన్నాడు.

"దొరబాబండి," అన్నాడు వెంకన్న.

"దొరబాబేంటి?"

వెంకన్న మూత ఎత్తి చూపించాడు. ఆయన గబగబా వచ్చి నా వెనకాల నిలబడ్డాడు. నా చంకలో పసివాడున్నాడని కూడా చూడలేదు.

ఆయన ఫారెస్టు రేంజరు, పేరు వీరబ్రహ్మంగారు. కాసేపటికి మా అరుగు మీద కూర్చుని, మా అత్తగారిచ్చిన మజ్జిగ తాగి, ఫైలు విప్పారు.

"కొత్త రూలొచ్చిందండీ. ఇలాంటివి పెంచుకునేవాళ్ళు గవర్నమెంటుకి చెప్పుకోవాలి. అమ్మకూడదు, కొనకూడదు, ఒకళ్ళ దగ్గర్నుంచి ఒకళ్ళు పుచ్చుకోకూడదు. కదపకూడదు. ఇవాళ ఎవరింట్లో ఉంటే వాళ్ళింట్లోనే ఉండాలి."

"ఇవాళ రిక్షాలో ఉంది కదండీ," అన్నారు అచ్చిబాబుగారు.

"బాబోయ్, నాకొద్దండి! మాదొకటే గదండి!" అన్నాడు వెంకన్న.

"అసలు దీనికి యజమాని ఎవరండీ? ఆయన పేరు మీద సర్టిఫికెట్ ఇస్తాం, సీలు వేసి."

సీలు అనేసరికి అచ్చిబాబుగారు ముందుకొచ్చారు. "రాసుకోండి. ఆ రోజు దుంగని ఒడ్డుకి లాగింది మా నాన్నగారు. బుట్ట కూడా మాదే."

"దుంగ లాగితే దుంగ మీది," అన్నారు మా అత్తగారు పాపాయమ్మగారు తలుపు చాటునుంచి. "పాముని పట్టుకొచ్చింది మా ఆయన. పాలు పట్టబోయి చీర తడుపుకున్నది నేను."

రేంజరుగారు తలూపి, కాగితం చదివారు. యజమాని నెలనెలా దాని తిండి గురించి రాయాలి. పొడుగు కొలిపించాలి. చస్తే ఇరవైనాలుగు గంటల్లో చెప్పాలి. అది ఎవరినైనా ఏమైనా చేస్తే కేసు యజమాని మీద.

అచ్చిబాబుగారు హారతి పళ్ళెం కింద పెట్టేశారు. "పాపాయమ్మగారు చెప్పాక ఇంక మాటేముందండీ! వీళ్ళదే. మొహం చూస్తే తెలియట్లా? అచ్చం పెద్దాయనే."

మా మావగారు లేరు కాబట్టి, అలా మా ఆయన బుల్లిబాబుగారి పేరు ఫారంలో ఎక్కింది. ఆయన సంతకం పెడుతూ, "ఫ్రేము కట్టిద్దాం," అన్నారు నాతో. బుట్ట రిక్షా దిగింది. నా ఎదురుగానే లోపలికి వెళ్ళిపోయింది.

"ఎన్నాళ్ళండీ?" అన్నాను రేంజరుగారితో.

"అదున్నన్నాళ్ళమ్మా."

"ఎన్నాళ్ళుంటుంది?"

"బాగా చూసుకుంటే ముప్పై ఏళ్ళండి."

పన్నెండు పోతే ఇంక పద్దెనిమిది. అప్పటికి మావాడు కాలేజీలో ఉంటాడు, అక్కడిదాకా వస్తే. పుట్టింటికి పదిహేను రోజులు వెళ్ళొచ్చు. పద్దెనిమిదేళ్ళు వెళ్తే దాన్ని ఇంకో పేరుతో పిలుస్తారు.

ఆ రోజు నుంచి నేను పిల్లాణ్ణి కింద పెట్టలేదు.

వాడు చంకలో ఉండగానే పప్పు తాలింపు పెట్టాను, బియ్యం ఏరాను, తల దువ్వుకున్నాను. స్నానానికి వెళ్తే మా అత్తగారికిచ్చి, "దింపకండి, దింపకండి" అని లోపల్నుంచి అరుస్తూ పోసుకున్నాను. వాడికేమో నేల కావాలి. చేపపిల్లలా కిందకి జారిపోతాడు. పాకడం నేర్చి ఎనిమిది రోజులు, పాకింది ఒక్కరోజు.

"మరీ చోద్యం కాకపోతే," అన్నారు మా అత్తగారు. "మా బుల్లిబాబు ఆ పాము పక్కన కూర్చునే లెక్కలు చేసుకునేవాడు."

"అందుకే కాబోలండీ, లెక్కల్లో తప్పారు," అన్నాను. నోరు జారింది. నెల్లాళ్ళు మాట్లాడలేదావిడ. పిల్లాణ్ణి మాత్రం పుచ్చుకునేవారు.

మా ఆయన మంచివారు. ఒకరోజు భోజనాల దగ్గర, "రేంజరుగారికి ఇచ్చేద్దామా? వ్యానులో జూకి తీసుకెళ్ళిపోతారట. నువ్వు ఊఁ అను," అన్నారు.

ఊఁ అనబోయాను. ఆ ముద్ద మింగేలోపల మా మేనత్త కొడుకు వేలు కళ్ళముందు కనిపించింది. దొరబాబు జూకి పోతే వాసన పోతుంది. వాసన పోతే ఆ సందులోంచి వచ్చేవి వేరే. అవి పదిహేను రోజులుండి పోయే రకం కాదు.

"నాకు పాము పోనక్కర్లేదండీ. తిరగాలి," అన్నాను. "ఎప్పటిలాగా తిరగాలి. అంతే."

"గవర్నమెంటు వద్దంది కదే."

"గవర్నమెంటుకి మన తలుపు కింద సందు తెలుసా?"

రేంజరుగారు ఇచ్చిన రూల్సు కాగితాలు, తెలుగులో అచ్చు వేసినవి, మా ఆయన భద్రంగా దేవుడి అలమరలో పెట్టారు. చదవలేదు, కుంకం బొట్టు మాత్రం పెట్టారు. మధ్యాహ్నాలు పిల్లాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ నిద్రపుచ్చడానికి నాకేదో ఒకటి చదవాలి. పాటలు రావు. ఆ కాగితాలు తీసి పైకి చదివేదాన్ని. "వన్యప్రాణి అనగా..." అని మొదలుపెడితే నాలుగో నిబంధన దగ్గర వాడు నిద్రపోయేవాడు. కాగితం మడిచేసేదాన్ని. రోజూ నాలుగే. ఏడో నిబంధన దాకా వెళ్ళాలంటే వాడికి పళ్ళొచ్చే జ్వరం రావాల్సొచ్చింది. ఆ రోజు వాడు పడుకోలేదు, నేను మానలేదు.

ఏడోది చదివి ఆగిపోయాను. మళ్ళీ చదివాను. వాడు ఏడుస్తున్నా మళ్ళీ చదివాను.

నెల తిరిగేసరికి రేంజరుగారు పాముని కొలవడానికి వచ్చారు. టేపు ఆయన దగ్గరుంది, కొలిచేది వెంకన్న, అంకె చెప్పేది గదిలోంచి, రాసుకునేది వీధిలోంచి.

"పదడుగులండి!"

"తోకతోనా?"

"తోక చుట్టుకుందండి. నా కాలికేనండి!"

"సరే, పది రాశాను, వచ్చెయ్."

అప్పుడే అచ్చిబాబుగారు ఒక బస్తా పట్టుకుని వచ్చారు. అందులో కొబ్బరి లేదు, చిల్లులున్నాయి. "చూడండి సార్! మా కొట్లో పందికొక్కులు పంచెలు కట్టుకుని తిరుగుతున్నాయి. నిన్న ఒకటి నన్ను చూసి పక్కకి కూడా తప్పుకోలేదు. బెల్లంకొట్టు రాజమౌళిగారైతే కొట్టు వాటికి వదిలేసి బయట అమ్ముకుంటున్నారు."

"నేనేం చెయ్యనండీ. దాన్ని కదిపితే వ్యాపారం కింద వస్తుంది. వన్యప్రాణి అడవిలో ఉండాలి."

నేను గుమ్మంలోకి వచ్చాను. పిల్లాడు నా పుస్తెలతాడు పీకుతున్నాడు. అయినా అడిగేశాను. "అడవి ఎక్కడుందండీ ఇక్కడ? ఎటు చూసినా వరిచేలూ కొబ్బరితోటలే కదండీ."

"చర్మాల కోసం చంపేస్తున్నారమ్మా. అందుకని పెట్టిన రూలు."

"చంపేవాళ్ళని పట్టుకోండి, మేం అడ్డురాం. పన్నెండేళ్ళలో మేము దాని పొలుసు ఊడగొట్టలేదు. అది మా మనిషిని ముట్టుకోలేదు. వంతు ప్రకారం వచ్చేది, వంతు ప్రకారం వెళ్ళేది. చుట్టాలు కూడా అంత బుద్ధిగా ఉండరండీ. మీరొచ్చి కదలొద్దన్నారు. దాంతో అక్కడ వాళ్ళకి తిండిగింజలు లేవు, ఇక్కడ నా పిల్లాడికి నేల లేదు. ముప్పై నాలుగు రోజులైంది నేను వీణ్ణి దింపి."

రేంజరుగారు నా చంక వైపు చూశారు. పిల్లాడు ఆయన వైపు చూసి, కిందకి జారబోయాడు.

"రూలు రూలేనమ్మా," అన్నారు, కొంచెం నెమ్మదిగా.

"ఏడోది కూడా రూలేనాండీ?" అని కాగితం చేతిలో పెట్టాను. "యజమాని అనగా వ్యక్తి, కుటుంబము లేక సంఘము. యజమాని తనకు చెందిన స్థలములలో నొకచోట నుండి మరియొకచోటికి మార్చునపుడు ముందుగా తెలియజేసిన చాలును."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "నేనే ఇంతదాకా రాలేదండీ. నాలుగోది దగ్గర..."

"అవునండీ, వీడూ అంతే."

మా వీధికి వర్తకసంఘం ఉంది. వినాయకచవితికి పందిరి వెయ్యడం, ఆ పందిరి దగ్గర పోట్లాడుకోవడం దాని పని. దొరబాబు సంఘానిదైతే? పన్నెండు కొట్లలో సంఘానికి తలా ఇంత చోటుంటే? ఆ మాటే అన్నాను.

"నా కొట్లో ఒక మూల రాసిచ్చేస్తాను!" అన్నారు అచ్చిబాబుగారు. పక్కకొట్టువాళ్ళు గోడకి మేకు కొడితే పంచాయితీ పెట్టిన మనిషి ఆయన. సాయంత్రానికి పన్నెండుగురూ మూలలు ఇస్తామన్నారు. రాజమౌళిగారు ఈశాన్యం ఇవ్వనన్నారు. అచ్చిబాబుగారు నైరుతి ఇస్తే పాముకి అరిష్టమన్నారు. ఆ వాదన రెండు రోజులు సాగింది. ఇన్ని మాటలూ గుమ్మంలోంచి వింటూ నేను నిలబడే ఉన్నాను, చెయ్యి మార్చి చెయ్యి.

పాము మొదట్నుంచీ సంఘానిదేనని, తన పేరు పొరపాటున ఎక్కిందని మా ఆయన చేత రాయించుకుని, ఈ కాగితాలన్నీ రేంజరుగారు పైకి పంపారు. "వద్దని వస్తే మాత్రం నన్ననకండి," అని చెప్పి మరీ పంపారు. ఆ పదిహేడు రోజులూ పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే చాలు, మా అత్తగారు నాకన్నా ముందు గుమ్మంలో ఉండేవారు. నాతో మాట్లాడుతున్నారు అప్పటికి. రెండు మూడు మాటలు.

పద్దెనిమిదోరోజున జవాబు వచ్చింది. అభ్యంతరం లేదట. మార్చినప్పుడల్లా ఒక కార్డు ముక్క రాసి తెలియజెయ్యాలట. మొదటి కార్డు నేనే రాశాను. "దొరబాబు అను కొండచిలువ శుక్రవారం ఉదయం బుల్లిబాబుగారి కొట్టులోని సంఘపు మూల నుండి అచ్చిబాబుగారి కొట్టులోని సంఘపు మూలకు వెళ్ళుచున్నది. క్షేమము."

శుక్రవారం వెంకన్న బుట్ట కట్టాడు. "ఆయ్, ఒళ్ళు చేశాడండీ మీ ఇంట్లో," అన్నాడు. రిక్షా వీధి మలుపు తిరిగేదాకా చూశాను. తిరిగాక కూడా కాసేపు నిలబడ్డాను. తరవాత లోపలికి వెళ్ళి, గదిలో నాలుగు మూలలూ లాంతరు పెట్టి వెతికాను, ఇంకో దొరబాబు ఉన్నాడేమోనని. లేడు.

సావిడి అలికి, ఆరాక, దుప్పటి కూడా వెయ్యకుండా, మా ఆయన్నీ మా అత్తగారినీ పిలిచి కూర్చోబెట్టి, పిల్లాణ్ణి నేల మీద దింపాను.

వాడు కూర్చున్నాడు. నేలని ఒకసారి చేత్తో తట్టాడు. నా వైపు చూశాడు, వాళ్ళ నాన్న వైపు చూశాడు.

"పాకు నాన్నా, పాకు," అన్నాను.

మూతి విరిచి, రెండు చేతులూ పైకెత్తి, ఎత్తుకోమని ఏడుపు లంకించుకున్నాడు.

"బాగానే నేర్పావు," అన్నారు మా అత్తగారు.

నా ఎడమచెయ్యి భుజం దగ్గర్నుంచి పైకి లేవడం లేదు. కుడిచేత్తో ఎత్తుకున్నాను.