వెనకాల బిగించిన బోల్టులు

కొరీన్ నొవొట్నీ కుడి మణికట్టు ఫిబ్రవరిలో విరిగింది. ఇంటి ముందు మంచు గీకుతూ జారి, చెయ్యి ఆనించి పడింది. డాక్టర్లు లోపల లోహపు పలక పెట్టి మరలు బిగించారు. ఎముక అతుక్కుంది గాని పట్టు తిరిగి రాలేదు. కాఫీ కప్పు ఎత్తగలదు, తలుపు గుండ్రటి పిడి తిప్పలేదు. సైకిళ్లు బాగుచేసి బతికే మనిషికి అది చిన్న లోటు కాదు.

అమెరికాలోని సెడార్ రాపిడ్స్ ఊళ్లో ఆమె ఇంటి గరాజే ఆమె దుకాణం. యాభై దాటిన మనిషి, పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు, చేసుకోనందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఏటా జూలైలో జనం వేలాదిగా సైకిళ్లెక్కి, వారం రోజులపాటు అయోవా రాష్ట్రాన్ని పడమటి నుంచి తూర్పుకు దాటుతారు. ఆ యాత్రలో దారిపొడవునా రిపేరు టెంటు వేసేది కొరీన్, ఆమె తమ్ముడు డ్వేన్. పద్నాలుగేళ్లుగా అదే వరస. వ్యాను నడపడం, టెంటు పాతడం, వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పడం అతని పని. సైకిలు మీద చెయ్యి వేసేది ఆమె.

కిందటేడు ఆఖరిరోజున వాళ్ల స్టాండు పాడైంది. సైకిలును నడుమెత్తున గాల్లో పట్టి ఉంచే మడతకాళ్ల స్టాండది. సీటు కింది గొట్టాన్ని పట్టుకునే దాని దవడ పగిలిపోయింది. స్టాండు లేకపోతే మెకానిక్కు రోజంతా మోకాళ్ల మీద పనిచెయ్యాలి. మే నెలలో ఒక శనివారం డ్వేనే ఫోన్ చేసి, పదక్కా, కొత్తది చూసుకుందాం, నేను తీసుకెళ్తానన్నాడు. కొరీన్‌కు కడుపు నిండినట్టయింది. చెయ్యి విరిగాక అందరూ ఆమెను రోగినడిగినట్టు కుశలం అడుగుతున్నారు. పని సంగతి ఎత్తింది వాడొక్కడే.

నది పక్కనున్న సైకిళ్ల దుకాణానికి వెళ్లారు. ఉత్త స్టాండును చూసి కొనడం కొరీన్‌కు అలవాటు లేదు, అందుకని తన సైకిలు కూడా వ్యానులో వేసుకొచ్చింది. దుకాణంలో జనెల్ అనే ఆవిడ ఒక్కొక్క స్టాండూ విప్పి నిలబెట్టింది. ప్రతిదాని గురించీ డ్వేన్ మొహం చూసి చెప్పింది. బరువెంతో అతనికే చెప్పింది, ఎలా మడవాలో అతనికే చూపించింది. కొరీన్ కాసేపు ఓర్చుకుంది.

మొదటిది పాతదానిలాంటిదే. ఒక చేత్తో సైకిలెత్తి పట్టుకుని, రెండో చేత్తో మరపిడి తిప్పి బిగించాలి. కొరీన్ ఎడమచేత్తో సైకిలెత్తింది. కుడిచేత్తో పిడి పట్టుకుంది. వేళ్లు దానిమీద జారాయే తప్ప పిడి కదల్లేదు. మళ్లీ ప్రయత్నించింది. సైకిలు కిందికి జారి పెడలు ఆమె మోకాలి కింద గీరుకుంది. డ్వేన్ ఒక్క అంగలో వచ్చి సైకిలు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి," అంది కొరీన్.

"పడిపోతుందక్కా."

"పడితే నా సైకిలే పడుతుంది. తియ్యి."

అతను వదిలాడు. జనెల్ మధ్యలోకొచ్చి, ఆవిడ చెయ్యి బాగాలేదు కదా సార్, తేలిగ్గా ఉండేది చూద్దామంది. కొరీన్ అప్పుడు ఆమెకేసి తిరిగి, సైకిలు తనది, చెయ్యి తనది, స్టాండు వాడబోయేది కూడా తనే, ఇకమీద ఏం చెప్పాలన్నా తనతో చెప్పమంది. గొంతు పెంచలేదు. జనెల్ మొహం మెడదాకా ఎర్రబడింది.

రెండోది సైకిలు పందేలకు వెళ్లేవాళ్లు వాడే రకం. ముందు చక్రం ఊడదీసి, ఆ చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును ఒకచోట బిగించి, పెడళ్ల దగ్గరి భాగాన్ని ఒక ఆధారం మీద పెడితే చాలు. పైకెత్తే పని తక్కువ. బిగించడం కూడా ఒక్క మీటతో అయిపోతుంది. కొరీన్ చేతికి అది సులువుగానే లొంగింది. డ్వేన్ మొహం విప్పారింది. ఇది బాగుందక్కా, ఇదే తీసుకో అన్నాడు.

కొరీన్ తలాడించింది కాని మనసు ఒప్పుకోలేదు. యాత్రలో వచ్చే సైకిళ్లు ఆమెకు కళ్లముందే ఉన్నాయి. సగం మందికి ముందు చక్రంతోనే తంటా, ముందు బ్రేకుతోనే తంటా. ముందు చక్రం ఊడదీసి నిలబెట్టే స్టాండు మీద ఆ పని ఎలా చేస్తారు? పైగా ఒక్కో సైకిలుకు ఒక్కో లావు ఇరుసు, ప్రతిదానికీ వేరే బిళ్ల మార్చుకోవాలి. వెనక వంద మంది ఎండలో నిలబడి ఉంటే ఆ బిళ్లల కోసం పెట్టెలు వెతుక్కోవాలా? ఇదే మాట పైకి అంది. టెంటులో ఇది పనికిరాదంది.

జనెల్ ఈసారి జాగ్రత్తగా కొరీన్‌తోనే మాట్లాడింది. "టెంటుకి పోయిన వారమే తీసుకెళ్లారు కదండీ. ఆ నల్లది, మూడు కాళ్లది. ఈయనా, ఇంకో మెకానిక్కు ఎవరో, బ్రోడీ అనుకుంటా, ఇద్దరూ వచ్చారు. ఇది మీ ఇంట్లోకేమో అనుకున్నాను."

డ్వేన్ స్టాండు కాళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు.

కొరీన్ సైకిలు దించింది. చక్రం తగిలించింది.  తర్వాత తమ్ముణ్ని బయటికి రమ్మంది.

వ్యాను పక్కన నిలబడి అతను ఒక్కొక్క ముక్కా బయటపెట్టాడు. బ్రోడీతో ఏప్రిల్‌లోనే మాట్లాడుకున్నాడు. యాత్ర నిర్వాహకులకు మెకానిక్కుగా అతని పేరే ఇచ్చాడు. అక్కకు ఎలా చెప్పాలో తెలియక, ముందు ఇంట్లో పనిచేసుకోవడానికి ఒక మంచి స్టాండు కొనిపెట్టి, ఆ తర్వాత మెల్లగా చెబుదామనుకున్నాడు.

"అంటే బొమ్మ కొనిచ్చి పిల్లను ఇంట్లో వదిలేసి పోదామనుకున్నావు."

"అలా అనకక్కా. నీ చెయ్యి ఇంకా..."

"నా చెయ్యి సంగతి ఊరందరికీ చెప్పావు. నాకు చెప్పావా? పని చెయ్యలేనని నీకెవడు చెప్పాడ్రా?"

అప్పుడు డ్వేన్‌కు కూడా కోపమొచ్చింది. అంతసేపు నేలకేసి చూసినవాడు తలెత్తాడు.

"నువ్వే చెప్పావు. పక్కింటి మార్లిస్ సైకిలు గుర్తుందా? బాగుచేసిచ్చావు కదా. దాని హ్యాండిల్ ఊగిపోయింది. బోల్టు సగమే బిగిసింది. ఆవిడ వీధి చివరిదాకా వెళ్లి దిగి నాకు ఫోన్ చేసింది. ఆ ఒక్కటే కాదు. మార్చి నుంచీ నీ గరాజులోంచి వెళ్లే ప్రతి సైకిలుకీ నేను నీ వెనకాల బోల్టులు బిగిస్తున్నాను. వారానికి రెండు మూడు వదులువి దొరుకుతున్నాయి. ఎవరన్నా దవడ పగలగొట్టుకుంటే ఏం చేద్దామనుకున్నావు?"

కొరీన్‌కు అతణ్ని చెంపమీద కొట్టాలనిపించింది. కొట్టడానికి కుడిచేతిలో సత్తువ లేదన్న సంగతి అదే క్షణంలో తోచింది. దాంతో ఒళ్లంతా మండిపోయింది. వాడు అబద్ధం చెప్పలేదు. వాడి మీద అంత కోపం రావడానికి అదే కారణం. రెండు నెలలపాటు రోజూ ఆమె బల్లమీద కూర్చుని, ఆమె చేసిన కాఫీ తాగి, ఆమె లోపలికెళ్లగానే అలెన్ కీ తీసి బోల్టులు తిప్పాడు. ఆమె పని బాగుందనుకుంటూ ఈల వేసుకుంది. ఆ ఈల కూడా విని ఊరుకున్నాడు.

"ఇంటికెళ్లిపో," అంది. "నీ వ్యాను నేనెక్కను."

లోపలికి వెళ్లి, దుకాణంలో ఉన్న స్టాండులన్నీ తీయమంది జనెల్‌ను. ఇందాక తనవల్ల ఏదో జరిగిందని జనెల్‌కు అర్థమైంది, మారు మాట్లాడకుండా తీసింది. కొరీన్ ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. ఒకటి తేలికే గాని రెండుకాళ్లది, గచ్చు మీద నిలిచినట్టు గడ్డి మీద నిలవదు. ఇంకొకటి మీటతో బిగుస్తుంది గాని ఆ మీట నొక్కడానికి కావలసినది సరిగ్గా ఆమె పోగొట్టుకున్న సత్తువే. ఆఖరికి గోడ పక్కనున్న బూడిదరంగుదాన్ని లాగింది. మూడు కాళ్లు వెడల్పుగా పరుచుకున్నాయి. దీని దవడకు పిడి తిప్పే పని లేదు. తోస్తే చాలు, టకటకమని పళ్లు పడుతూ మూసుకుని ఎక్కడికక్కడ ఆగిపోతుంది. తెరవడానికి మాత్రం ఒక మీట నొక్కాలి.

ఆమె సైకిలును ఎడమచేత్తో ఎత్తి భుజానికి ఆనించుకుని, కుడి మోచేత్తో దవడను తోసింది. మొదటిసారి గురి తప్పి సైకిలు నేలమీద పడింది. జనెల్ కదలబోయి ఆగింది. రెండోసారి గొట్టం దవడలో పడింది. మోచేత్తో గట్టిగా నెట్టింది. చేతులు రెండూ వదిలేసింది. సైకిలు గాల్లో నిలబడింది. పెడలు తిప్పింది, చట్రం పట్టుకుని ఊపింది. స్టాండు కదల్లేదు. తర్వాత ఎడమచేత్తో విప్పి, మళ్లీ బిగించింది. అలా చెమటలు పట్టేదాకా చేసింది. చివరికి అదే తీసుకుంది. దాంతోపాటు బిగింపు సరిపోగానే టిక్కుమనే పానా ఒకటి ఎంచుకుంది. ఇకమీద ఏ బోల్టునూ చేతి అంచనాతో వదలదలచుకోలేదు.

స్టాండును సంచితో సహా సైకిలు చట్రానికి కట్టి, నెట్టుకుంటూ ఇంటిదారి పట్టింది. డ్వేన్ వెళ్లిపోలేదు. వ్యానును నత్తనడకన ఆమె వెనకే పోనిచ్చాడు. వెనకనున్న కార్లు హారన్లు కొట్టాయి. ఆమె తిరిగి చూడలేదు. వంతెన దాటాక అతను పక్కదారి పట్టాడు.

ఆ సాయంత్రం మార్లిస్ ఇంటికెళ్లి సూటిగా అడిగింది. మార్లిస్ తడబడుతూ, అవును, హ్యాండిల్ ఊగింది, నీకు చెప్పొద్దని డ్వేన్ బతిమాలాడు అంది. కొరీన్ ఆమె సైకిలు అక్కడికక్కడే మళ్లీ మొత్తం చూసిచ్చి, జూలైలో వారం రోజులు నీ పికప్పు బండి ఇవ్వాలంది. మార్లిస్ వెంటనే ఒప్పుకుంది.

తనూ వస్తానని ఫోన్ చేస్తే యాత్ర నిర్వాహకులు మాత్రం ఇబ్బంది పడ్డారు. రిపేరు టెంటు డ్వేన్ పేరున ఉందన్నారు. టెంటు అక్కర్లేదు, చెట్టుకింద నిలబడతాను, దానికి ఎవరి పేరూ అక్కర్లేదు కదా అని ఫోన్ పెట్టేసింది. మే, జూన్ నెలల్లో రోజూ ఎడమచేత్తో పనిచేసింది. తమ్ముడి ఫోన్లు ఎత్తలేదు.

యాత్ర మొదటిరోజు మధ్యాహ్నం జనం ఆగిన చిన్న ఊళ్లో, చర్చివాళ్లు చెర్రీ పళ్లు పెట్టి కాల్చిన తీపి ముక్కలు పంచుతున్న చోటికి కాస్త పక్కగా, ఆమె తన స్టాండు విప్పింది. రోడ్డుకు ఆవల డ్వేన్ టెంటు కనిపిస్తూనే ఉంది. బ్రోడీ ఉంగరాల జుట్టు మనిషి, చకచకా పనిచేస్తున్నాడు. చేతకానివాడైతే బాగుండునని అంతవరకూ కోరుకున్న కొరీన్, అతను చైను తెగ్గొట్టి అతికించిన తీరు చూసి మనసులోనే పళ్లు కొరుక్కుంది.

ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కా తమ్ముళ్లు రోడ్డుకు చెరోపక్కా ఎందుకున్నారని ఒకరిద్దరు అడిగారు. వాణ్నే అడగండి అంది. క్యూ పెరిగింది. మోచేత్తో దవడను తోసే పద్ధతి చూసి కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఎండ కాస్త తగ్గాక డ్వేన్ రోడ్డు దాటి వచ్చాడు. బాగయిపోయి గడ్డిలో వరసగా పడుకోబెట్టిన సైకిళ్ల దగ్గర ఆగాడు. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయింది. అలెన్ కీ సగం బయటికొచ్చాక ఆమె చూస్తోందని గమనించి, మళ్లీ జేబులోకి తోశాడు.

"తియ్యి," అంది కొరీన్. "తీసి బిగించి చూడు. నా ముందు చూడు. నా వెనకాల కాదు."

అతను కూర్చున్నాడు. ఒక్కొక్క సైకిలూ ఎత్తి, హ్యాండిల్, సీటు, బ్రేకులు అన్నీ చూశాడు. ఆమె పని ఆపి నిలబడింది.  చివరి నుంచి రెండోదాని దగ్గర అతని చేతిలో కీ కాస్త తిరిగింది. వెనక బ్రేకు బోల్టు. అతను పక్కకు జరిగాడు.

కొరీన్ వచ్చి ఎడమచేత్తో టిక్కుమనే దాకా బిగించింది. తొందరలో దీన్ని పానాతో చూడడం మర్చిపోయానంది. సైకిలు యజమానిని పిలిచి అతనికీ అదే చెప్పింది.

మర్నాటి నుంచి ప్రతి మజిలీలోనూ డ్వేన్ రోజుకొకసారి వచ్చి ఆమె ఎదురుగానే కూర్చుని చూసి వెళ్లేవాడు. సైకిలు సంగతి తప్ప ఇంకో మాట ఉండేది కాదు. క్షమించమని రెండోరోజు ఒకసారి అన్నాడు. విన్నానంది, అంతే. కోపం పోలేదు. పోయినట్టు నటించే ఉద్దేశం కూడా ఆమెకు లేదు.

ఆఖరిరోజు మిస్సిసిపీ నది ఒడ్డున జనం యాత్ర ముగిసిన గుర్తుగా ముందు చక్రాలు నీళ్లలో తడుపుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. కొరీన్ స్టాండు మడిచి పికప్పులో వేస్తుంటే డ్వేన్ వచ్చాడు. వచ్చే ఏడు టెంటు కలిసి వేద్దామా అని నెమ్మదిగా అడిగాడు. నిర్వాహకులతో తను మాట్లాడతానన్నాడు.

"నువ్వు మాట్లాడక్కర్లేదు. నిన్ననే నేను మాట్లాడాను," అంది ఆమె వెనక తలుపు వేస్తూ. "వచ్చే ఏడు టెంటు నా పేరున ఉంది. వ్యాను నడిపే మనిషి కావాలి. నీకు రావాలనుంటే ఏప్రిల్లో ఫోన్ చేసి అడుగు. అప్పటికి ఎత్తుతానేమో చూద్దాం."

పికప్పు ఎక్కి, ఎడమచేత్తో తాళం తిప్పి, అతను పక్కకు తప్పుకునేదాకా ఆగి, బయల్దేరింది.