వంత లేని బుర్రకథ

2017 నవంబరు పద్దెనిమిది, శనివారం, ఉదయం పదీ ఇరవై. మార్కాపురం మీద పలచని మబ్బు, గాలి లేదు, కళాశాల వరండాలోని ఉష్ణమాపకం ఇరవై ఆరు డిగ్రీలు చూపుతోంది. రంగస్థల కళల్లో కొత్తగా అడుగుపెట్టే యువతకు ఏడాదిపాటు భృతి ఇచ్చే ఒక ధర్మసంస్థ తరఫున ఎంపికకు కూర్చున్నవాళ్లం ఇద్దరం: విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ప్రభాకరరావుగారు, నేను.

జరిగినదానికి మూలం అంతకు ముందు సంవత్సరంలో ఉంది. అప్పుడు ఒక అభ్యర్థి పద్యం మరిచిపోతే, తలుపు చాటు నుంచి తండ్రి అందించాడు. అది మళ్లీ జరగకూడదని నియమావళిలో నాలుగో నిబంధన చేర్పించాను: అభ్యర్థి వెంట ఎవరూ గదిలోకి రాకూడదు. ఆ వాక్యం రాసేటప్పుడు నా మనసులో ఉన్నది పద్యనాటకం ఒక్కటే.

ఆ ఉదయం మూడో పేరు ఫెబీ. పంతొమ్మిదేళ్లు. పలకల ఫ్యాక్టరీలో కూలి. భృతి దొరికితే పొదిలిలో గురువు దగ్గర ఏడాదిపాటు బుర్రకథ నేర్చుకుంటుంది. దొరకకపోతే సోమవారం మళ్లీ పలకల పనే. ఈ మాట ఆమె దరఖాస్తులోనే రాసింది. ఆమెకు వంతలు, అంటే చెరో పక్క నిలబడి డక్కీ కొడుతూ బదులు పలికేవాళ్లు, నాయన పాల్ రాజు, మేనత్త హన్నా. వాళ్లిద్దరినీ అటెండరు వరండాలోనే ఆపాడు.

ఫెబీ తంబూరా భుజాన వేసుకుంది. పలకరాయి చీల్చే సుందరమ్మ కథ, తానే కట్టుకున్నది.

“ఉలి పట్టెను సుందరమ్మ, పొరను వెదకి చూసెను…”

అక్కడ ఆగింది. పది సెకన్లు గడిచాయి. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది.

“మరిచిపోయినట్టుంది, పాపం,” అని ప్రభాకరరావుగారు నా వైపు వంగారు. “సున్నా వేయడానికి చెయ్యి రావట్లేదు.”

నేను ఆమె కుడిచేతిని చూశాను. మాట ఆగింది గాని తాళానికి బొటనవేలికి తొడిగిన అందె మోగుతూనే ఉంది. మరిచిపోయినవాళ్లకు ముందు తప్పేది తాళం. కనుక ఆమె మరిచిపోలేదు, ఎదురుచూస్తోంది.

“ఎవరి కోసం ఆగినావమ్మా?”

“వంత పలకాల గదమ్మా. వాళ్ల మాట మింగేసి ముందుకు పోకూడదు. ఇంట్లో అట్ల పోతే మా అత్త డక్కీ కింద పెట్టి లేచిపోతాది.”

“ఆ మాట ముందే చెప్పొచ్చు గదా?”

“ఒక్కదాన్నే రమ్మన్నారు. ఇదే పరీక్షేమో, ఎంతసేపు ఓర్చుకుంటానో చూస్తున్నారేమో అనుకున్నా.”

ప్రభాకరరావుగారు కళ్లద్దాలు తీశారు. “నిబంధన మీరే పెట్టించినారు, రాఘవమ్మగారూ. ఇప్పుడు మీరే తప్పుతారా?”

“తప్పను. అభ్యర్థి వెంట ఎవరూ రాకూడదని కదా ఉంది. మనం ఆమె వెంట రాలేదు, ముందే వచ్చి కూర్చున్నాం. లేవండి, మాస్టారూ.”

“నేనా? నాకేంది తెలుసు?”

“తందాన అనడం తెలుసు. అది చాలు.”

ఎడమవైపు ఆయన, కుడివైపు నేను నిలబడ్డాం. ఫెబీ మూడోసారి ఎత్తుకుంది.

“తందాన తాన,” అన్నారు మాస్టారు, హాజరు పిలిచే గొంతుతో.

“పొర దొరికిందా, అక్కా?” అని డెబ్బై ఒక్కేళ్ల నేను ఆ పిల్లను అడిగాను.

“దొరక్క యాడికి పోతాది, చెల్లీ,” అంది ఫెబీ. ఆపైన ఇరవై ఎనిమిది నిమిషాలు కథ ఎక్కడా నిలవలేదు. మాస్టారు రెండుసార్లు తాళం తప్పారు. “మా తమ్ముడు పొద్దున టిఫిన్ తినకుండా వచ్చినాడు, మీరేం అనుకోవద్దు,” అని ఖాళీ బెంచీలకు చెప్పి, ఆమే ఆయన్ను గట్టెక్కించింది.

ఆమె బయటికి వెళ్లగానే పాల్ రాజు గొంతు వినిపించింది. “ఎవర్ని పెట్టుకున్నావు పాపా వంతకు? తాళమంతా చెడగొట్టినాడు.”

“మెల్లగా నాయనా. ఆయనే మార్కులేసేది.”

ప్రభాకరరావుగారు ఏమీ విననట్టు కాగితం మీద మార్కులు వేశారు. అవి నేను వేసినవాటికంటే నాలుగు ఎక్కువ.

మధ్యాహ్నం రెండు గంటలకు జాబితా అంటించారు. అందులో ఫెబీ పేరు ఉంది. వరండాలో హన్నా డక్కీని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకోవడం చూసి, పొద్దుటినుంచి నా బల్లమీద ముట్టకుండా ఉంచిన మజ్జిగ అప్పుడు తాగాను. ఇంటికి పోయేముందే నాలుగో నిబంధనకు ఒక వాక్యం జోడించాను: బుర్రకథ అభ్యర్థి తన వంతలతోనే రావాలి.

2024 చివరికి ఫెబీ దళం త్రిపురాంతకం మొదలు గిద్దలూరు దాకా రెండు వందల పద్నాలుగు కథలు చెప్పింది. ఎడమవైపు వంత పాల్ రాజే.