డిప్ప మీద గోటి నొక్కు

గుమ్మం అవతల ఏదో గీరుతోంది.

గర్ర్… ఆగి, మళ్ళీ గర్ర్…

మధ్యాహ్నం. వాన అప్పుడే వెలిసింది. పళ్ళసెట్టుకి ఆకురాయి పెట్టినట్టే ఉంది చప్పుడు. ఆమె చేతిలో మాత్రం ఆకురాయి లేదు.

ఆమె పని కట్టుడు పళ్ళు చేయడం. బల్ల మీద వరసగా సుద్ద దవడలు. ఒక్కదానికీ ముఖం లేదు, అన్నీ నవ్వుతుంటాయి. కొత్తవాళ్ళకి చూస్తే గుండె జారుతుంది. ఆమెకి అలవాటైపోయింది.

తలుపు తీసింది.

తాబేలు. పొంగిన కాలువ గడప దాకా తెచ్చి వదిలేసినట్టుంది. ఇన్ని నోళ్ళకి పళ్ళు కట్టే ఇంటికి ఒక బోసినోటి చుట్టం — ఆమెకి నవ్వొచ్చింది.

ఆ నవ్వు బురద కడిగేదాకానే.

డిప్ప మీద గులాబీ రంగు బయటపడింది. చిగుళ్ళ రంగు. పగిలిన చోట ఎవరో పళ్ళసెట్ల ముద్దతో అతుకు వేశారు. అతుకు అంచున గోటి నొక్కు… నెలవంకలా.

ఆ నొక్కు ఆమెకి తెలుసు.

ఆయన బొటనవేలిది. ముద్ద పచ్చిగా ఉండగానే అంచుని గోటితో నొక్కేవాడు. "జనం నోట్లో మీ గోరెందుకండీ" అని ఆమె విసుక్కుంటే, నవ్వి అరగదీసేవాడు. ఒక మధ్యాహ్నం "ఇప్పుడే వస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళాడు. ఆ 'ఇప్పుడే'కి ఏళ్ళయింది. వెతకని చోటు లేదు, అడగని మనిషి లేడు. ఉన్నాడని చెప్పినవాళ్ళు లేరు. పోయాడని చెప్పినవాళ్ళూ లేరు.

పై వాటాలో వదిన ఉంటుంది, ఆయన అక్క. మెట్ల మీది నుంచే తొంగిచూసింది.

"తాబేలు చొచ్చిన ఇల్లు, జప్తుకొచ్చే అమీనా చొచ్చిన ఇల్లు బాగుపడవంటారు. తీసుకెళ్ళి కాలవలో పడెయ్."

"బాగుపడ్డానికి ఇక్కడేం మిగిలింది వదినా. ఈ నొక్కు చూడు."

వదిన దిగలేదు. రెయిలింగు పట్టుకుని అలాగే నిలబడింది. "వాడు వేసిందే అయితే పాతదయ్యుంటుందిలే" అంది చివరికి.

పాతదా… కొత్తదా…

ఆమెకి అదొక్కటే కావాలి.

అట్టపెట్టెలో పొడి గడ్డి పరిచి ఉంచింది. ఆకులు వేసింది. ముట్టలేదు. కళ్ళు వాచి మూసుకుపోయాయి. భయమేసి పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళింది.

"ఇది నీళ్ళ తాబేలమ్మా. వేళ్ళ మధ్య తోలు చూశారా? నేల తాబేలు కాళ్ళయితే మొద్దుల్లా ఉంటాయి. దీన్ని గడ్డిలో పెడితే ఎండిపోదూ?"

"ఈ అతుకు ఎప్పటిది డాక్టర్ గారూ?"

"పాతదైతే డిప్ప పెరిగి ఎప్పుడో ఊడగొట్టేది. ఇది ఈమధ్య వేసిందే." దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు. "కింద చీము పట్టింది. వేసినవాళ్ళకి ప్రేమ ఉంటే ఉండొచ్చు గానీ, ఇలా మూసేస్తే చచ్చిపోతుంది. తీసెయ్యాలి."

ఈమధ్య వేసిందే.

ఉన్నాడు. ఎక్కడో కాదు, కాలువ పారేంత దూరంలో. ఉండీ రాలేదు. సంతోషమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ముక్కగా ఊడదీయలేమా?"

"లాగితే డిప్పా వచ్చేస్తుంది. అరగదీయాల్సిందే. మీ చేతికి అలవాటైన పనేగా."

అలవాటైన పనే. ఇంటికొచ్చి ఆకురాయి పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఉంచితే ఇది చస్తుంది. తీస్తే ఆయన జాడ పొడైపోతుంది. సుద్ద దవడలు చూస్తూ నవ్వుతున్నాయి.

తాబేలు ఊపిరి పీల్చింది. సన్నటి ఈల లాంటి ఊపిరి.

అరగదీసింది. గోటి నొక్కుని చివరిదాకా ఉంచింది. తర్వాత దాన్నీ అరగదీసింది. బల్ల నిండా గులాబీ పొడి… ఊడ్చడానికి చేతులు రాలేదు.

ఆ తర్వాత రోజూ ఒకటే పని. పుండు కడగడం, మందు పూయడం. తొట్టెలో గోరువెచ్చని నీళ్ళు. ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి. కాస్త ఎండ. చేపముక్క అందిస్తే మొదట ముఖం తిప్పుకుంది, తర్వాత వేలు కూడా పట్టుకోబోయింది. బోసినోరే గానీ గట్టిదే.

తొట్టెని ఎటు తిప్పినా అది గుమ్మం వైపే తిరిగేది.

"ఎక్కడున్నారో నీకు తెలుసు కదే" అనేది ఆమె.

తల లోపలికి లాక్కునేది.

పుండు మానింది. అతుకు ఉన్న చోట తెల్లటి మచ్చ మిగిలింది. డాక్టరు చెప్పినట్టే కాలువలో వదిలేసింది. అది ఈదుతుంటే గట్టు వెంట నడిచింది… వంతెన దాకా. వంతెన కింద చీకట్లోకి అది వెళ్ళిపోయింది. ఆమె మాత్రం అక్కడే ఆగిపోయింది. వెళ్తే కనిపిస్తాడేమోనని భయం. కనిపించడేమోనని అంతకంటే భయం.

మరో మధ్యాహ్నం. మబ్బు పట్టి, సన్నగా జల్లు పడి ఆగింది.

గర్ర్…

తలుపు తీసింది. అదే తాబేలు. మచ్చ ఉండాల్సిన చోట —

గులాబీ రంగు.

మానిన చోట. పగులే లేని చోట. మళ్ళీ అతుకు, మళ్ళీ అంచున నెలవంక.

చేతుల్లోకి ఎత్తుకుంది. అతుకు వెచ్చగా ఉంది. ఎండ వేడి అనుకోవడానికి ఎండే లేదు. ఆ ముద్ద గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. కాసేపే, ఆ తర్వాత చల్లారిపోతుంది. ఆ కాసేపు ఎంతో ఆమె వేళ్ళకి తెలుసు.

వీధి అటు చూసింది. ఇటు చూసింది. అన్నీ మూసిన తలుపులే. బురదలో తాబేలు పాకిన జాడ తప్ప, మనిషి అడుగు ఒక్కటి లేదు.

వేడి తగ్గిపోతోంది…

ఆయన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. పిలిచిన మాట ఒకటే. అది ఆమె నోటి నుంచి వచ్చి ఏళ్ళయింది.

"ఏవండీ…"

వీధి పలకలేదు.

చేతిలోని తాబేలు మెల్లగా తల బయటికి పెట్టి, ఆమె ముఖంలోకి చూసింది.