డెబ్బై అయిదు డిగ్రీలు

ఊళ్ళో తనని నీళ్ళకి జ్వరం చూసే డాక్టరంటారని యెఫీమ్ సవేల్యెవిచ్‌కి తెలుసు. అందులో అబద్ధమేమీ లేదని కూడా ఆయనే ఒప్పుకుంటాడు. అరవై రెండేళ్ళ మనిషి చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టుకోవడం మరిచిపోయి థర్మామీటరు మాత్రం మరిచిపోకుండా తిరుగుతుంటే ఇంకేమంటారు?

ముప్ఫై ఏళ్ళు ఆయన నల్లసముద్రం ఒడ్డునున్న సోచి నుంచి షాహె లోయ పైకి బస్సు నడిపాడు. రిటైరయ్యాక ఇంటి వెనక అత్తగారి కొండవాలులో ముళ్ళపొదల కింద మునిగిపోయిన తేయాకు తోటని బాగుచేశాడు. వీపు పట్టేసినా, చేతులు గీరుకుపోయినా మానలేదు. మే నెలలో మొగ్గతో పాటు పక్కనున్న లేతాకునే గిల్లి, అటక మీద పల్చటి గుడ్డ పరిచి నీడన వాడబెట్టి, నలపకుండా వేయించకుండా తెల్ల టీ తయారుచేయడం నేర్చుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఒక లావుపాటి పుస్తకం కొన్నాడు. తెల్ల టీకి నీళ్ళు డెబ్బై అయిదు డిగ్రీలు దాటితే అది చచ్చిపోతుందని అందులో రాసి ఉంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా టీ తాగలేదు.

అత్తగారు గ్లఫీరా తిఖనొవ్నా మాత్రం ఆ తెల్ల టీ ముట్టలేదు. ఆవిడకి ఎనభై ఒకటి. నలభై ఏళ్ళు సర్కారు తోటలో ఆకు కోసిన చేతులు. టీ అంటే చిన్న కుండలో చిక్కటి డికాషన్, దాని మీద మరిగే నీళ్ళు, పళ్ళ మధ్య చక్కెర గడ్డ. రంగులేని టీ ఆవిడ లెక్కలో టీ కాదు, గిన్నె కడిగిన నీళ్ళు.

కొండవాలు ఆవిడ పేరున ఉంది. సముద్రం వైపు నుంచి వచ్చిన ఒకాయన అక్కడ టూరిస్టులకి కాటేజీలు కడతానన్నాడు. అతనిచ్చిన కాగితం వారం నుంచి చక్కెర గిన్నె కింద ఉంది. యెఫీమ్ ఆ గిన్నె వైపు చూడటం మానేశాడు.

"అయిదేళ్ళ నుంచి టీ గురించి నువ్వు చెప్తున్నావు, నేను వింటున్నాను అల్లుడూ," అంది గ్లఫీరా గురువారం నాడు. "ఆదివారం తాగించు. ఆ పొదలెందుకుండాలో నా నాలిక్కి తెలిస్తే ఉంటాయి. తెలీకపోతే సోమవారం సంతకం పెడతా."

"ఆదివారం మీరు ఆశ్చర్యపోతారు అత్తయ్యా."

"నీ పెళ్ళప్పుడే ఆశ్చర్యపోయాను. అది చాలు."

యెఫీమ్ మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. ముప్ఫై ఏళ్ళు తను జనాన్ని వాళ్ళు వెళ్ళాల్సిన చోటికి చేరవేశాడు. తన చేతులతో చేసి, ఇది నాది అని చూపించుకోగలిగింది ఆ వాలొక్కటే. అది పోతే మిగిలేది జేబులో థర్మామీటరు.

ఆదివారం పొద్దున్నే ఊట నీళ్ళు మోసుకొచ్చాడు. కాచాడు. థర్మామీటరు ముంచితే ఎనభై రెండు. మూత తీసి ఊదాడు. అత్తగారు చూస్తుంటే కంగారులో ఎక్కువే ఊదినట్టున్నాడు, డెబ్బై ఒకటికి దిగింది. మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు.

"ఏమయ్యా, రొట్టె చల్లారిపోతోంది," అంది భార్య రుఫీనా. క్యాబేజీ కూరి కాల్చిన ఆ రొట్టెని ఆవిడ అప్పటికి రెండుసార్లు వేడిచేసింది. "నీళ్ళు కాస్తున్నావా, బిడ్డకి స్నానం చేయిస్తున్నావా?"

చివరికి సరిగ్గా డెబ్బై అయిదు దగ్గర పోసి, గడియారం చూసి మూడు నిమిషాలాగి, గాజు గిన్నెలో వడకట్టి ఇచ్చాడు. ఇస్తూ ఊరుకోవచ్చు కదా. పొద్దుటి పూట పూసే పూల వాసన గురించి, గొంతులో మిగిలే తీపి గురించి చెప్పాడు. గ్లఫీరా అంతా విని ఒక గుక్క తాగింది.

"గడ్డిబండి పక్కనుంచి వేణ్ణీళ్ళు నడిచెళ్ళినట్టుంది," అంది.

యెఫీమ్ కూడా తాగి చూశాడు. నిజం చెప్పాలంటే అయిదేళ్ళుగా ప్రతిసారీ ఆయనకీ అలాగే ఉండేది. లోపం తన నాలుకలో ఉందనుకుని, పూల వాసనని పుస్తకంలోంచి అరువు తెచ్చుకునేవాడు. ఇప్పుడు సిగ్గుతో చెవులు మండిపోయాయి. కిటికీ దగ్గరికి వెళ్ళి, వాలు కనిపించకుండా కంచె వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పెన్ను తెమ్మంటారా అత్తయ్యా?" అన్నాడు.

"రొట్టె తిననీ ముందు. తాగడానికి ఏదో ఒకటి ఉండాలిగా." గ్లఫీరా లేచి, అల్లుడి సీసాలోంచి గుప్పెడు ఆకు తీసి డికాషన్ కుండలో పడేసింది. పొయ్యి మీద కుతకుతలాడుతున్న కెటిల్ ఎత్తి నిండా పోసింది.

"అయ్యో, అది మరుగుతోంది."

"తెలుసు. నాకు కళ్ళున్నాయి."

కుండ వేడి పోకుండా దాని మీద పత్తి కూరి కోడి ఆకారంలో కుట్టిన గుడ్డ తొడుగు కప్పి ఆవిడ ఆ సంగతే మరిచిపోయింది. రెండు ముక్కలు రొట్టె తింది. పక్కింటివాళ్ళ మేక తమ బంగాళాదుంప మడిలో పడ్డ వైనం రుఫీనాకి మొదట్నుంచీ చెప్పింది. అరగంట గడిచింది. ఆ కోడి కింద తన టీ చేదు విషమైపోతుంటే చూస్తూ కూర్చున్నాడు యెఫీమ్. శవాన్ని పెట్టుకుని పెళ్ళి భోజనం చేస్తున్నట్టుంది ఆయనకి.

గ్లఫీరా టీ సాసర్లోకి వంచింది. రంగు నీళ్ళలా పల్చగా లేదు, నల్లగానూ లేదు, ఆప్రికాట్ జామ్ పైన తేరిన పాకంలా ఉంది. చక్కెర గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని పీల్చింది. ఆగింది. ఇంకోసారి పీల్చింది. తర్వాత నోట్లోంచి చక్కెర గడ్డ తీసి టేబుల్ అంచున పెట్టింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ పని యెఫీమ్ చూడలేదు, కన్న కూతురు రుఫీనా కూడా చూడలేదు.

"తాగు," అందావిడ, కుండ ఆయన వైపు తోసి.

తాగాడు. చేదు లేదు. తేనెమైనం, ఎండిన ఆపిల్ తొక్క, ఆ వెనకాల వాన పడి ఆరిన గడ్డి. పుస్తకంలో ఈ మాటల్లో ఒక్కటీ లేదు. తన అటక మాత్రం ప్రతి మే నెలలోనూ ఇదే వాసన వేస్తుంది.

"ఈ పొదలు మోకాటి లోతు మంచులో నిలబడ్డాయి," అంది గ్లఫీరా. "మా అమ్మా నేనూ చీపుళ్ళతో దులిపేవాళ్ళం. ఒక ఏడాది నేల దాకా మాడి, మళ్ళీ వేరు నుంచి లేచాయి. వాటికి మరిగే నీళ్ళు చూపించడానికి నువ్వు భయపడ్డావా?"

"నేను కాదత్తయ్యా, పుస్తకం భయపడింది."

"అది ఏ ఊరి పుస్తకం?"

"మంచు పడని ఊరిది," అన్నాడు యెఫీమ్, తల గోక్కుంటూ.

గ్లఫీరా రెండో సాసరు వంచుకుంది. "ఆ కాగితమిలా ఇవ్వు."

యెఫీమ్ చక్కెర గిన్నె ఎత్తాడు. కాగితంతో పాటు పెన్ను కూడా తెచ్చిచ్చాడు, మూత తీసి మరీ. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వేడి కుండ కింద దూర్చింది.

"టేబుల్ గుడ్డ కొత్తది. మరకలవుతాయి," అంది.

యెఫీమ్ కుర్చీలో కూలబడ్డాడు. అయిదేళ్ళ పాటు టీని సరిగ్గా చేసి, తప్పుగా కాచి, ఆ తప్పునే ఊరంతటికీ పాఠం చెప్పాడన్నమాట. ఇంత సిగ్గుపడటం, ఇంత సంతోషపడటం ఒకేసారి జరుగుతాయని ఆయన అనుకోలేదు. రుఫీనా లోపలికెళ్ళి అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టింది. అందులో ఈ ఏడాది పొట్లాలున్నాయి. ప్రతి పొట్లం మీదా ఆయన గుండ్రటి అక్షరాలే. డెబ్బై అయిదు డిగ్రీలు, ఒక్క డిగ్రీ ఎక్కువైనా వద్దు.

ఆయన అదే పెన్ను తీసుకుని మొదటి పొట్లం మీద మాటలు కొట్టేశాడు.

"ఇప్పుడేం రాస్తావు?" అంది గ్లఫీరా.

"మరిగే నీళ్ళు పోయండి. కప్పిపెట్టి మరిచిపొండి. అల్లుణ్ణి గదిలోంచి పంపించండి."

"ఆ ఆఖరిది ముందు రాయి," అని ఆవిడ మూడో సాసరు వంచుకుంది.