సున్నమని రాసిన గచ్చు

సుధాకరరావు కారు దిగేసరికి ఫోర్మన్ జలంధర్, మేస్త్రీ నర్సింలును నేల మీద బోర్లా పడేసి ప్లాస్టిక్ పైపుతో బాదుతున్నాడు. పైపు పడిన చోటల్లా చొక్కా చిరిగి వీపుకు అంటుకుపోయింది. ఇద్దరిదీ కరీంనగర్ జిల్లాయే, కానీ ఆ పూట జలంధర్‌కు ఊరూ వాడా ఏవీ గుర్తు లేవు.

"వేలిముద్ర ఎయ్యి! నా తప్పుతోనే గోడ గూలిందని ఒప్పుకో! పోలీసులొచ్చేలోపల గావాలె నాకు!"

"సంపినా ఎయ్య," అన్నాడు నర్సింలు, నోట్లో ఇసుకతో.

గల్ఫ్‌లోని ముఐథర్ పేట అవతల, ఖబరస్తాన్ అనే ఒక పాత ముస్లిం శ్మశానం గోడకు నీలం, పచ్చ రాతిముక్కలు పొదిగిన పెద్ద పలక ఒకటి ఉండేది. ముత్యాల వర్తకుడెవరో తండ్రి పేరున చేయించాడట. దాన్ని బాగుచేసే పని మూడు వారాలుగా సాగుతోంది. ఆ ఉదయం పలక, దాని వెనక రాళ్ళు ఒక్కసారిగా జారిపడ్డాయి. కింద గోనెసంచులు తడుపుతున్న గంగాప్రసాద్ నడుము దాకా నుజ్జయిపోయి, ఆస్పత్రి చేరకముందే ప్రాణం వదిలాడు. అతను నర్సింలు బామ్మర్ది. రాతిముక్కల మీద అతని నెత్తురు ఇంకా ఆరలేదు. వేలిముద్ర పడిందంటే ఫోర్మన్ తప్పించుకుంటాడు, ఆ చావు నర్సింలు మెడకు చుట్టుకుంటుంది, జైలే గతి.

పలకతోపాటు పడిన గచ్చు తీసుకెళ్ళి మళ్ళీ పరీక్ష చెయ్యమని కంపెనీ తన ల్యాబు కెమిస్టు సుధాకరరావుకు ఫోన్ చేసింది. పని మొదలయ్యే ముందు గోడలోని పాత గచ్చును పరీక్షించింది కూడా ఆయనే. ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పెద్దమనిషి కదా! ఆ మొదటి పరీక్ష రోజు గురువారం, ఒంటిపూటే డ్యూటీ. అల్ ఘర్రాఫా పేటలో స్నేహితుడింట్లో పులిహోర భోజనం. గచ్చు మీద యాసిడ్ చుక్క వేశాడు, బుసబుసా పొంగింది. సున్నం అని రాసి సంతకం గీకేశాడు. ఇంకేమైనా కలిసిందా అని చూసే రెండో పరీక్ష పది నిమిషాల పని. దానికి ఆయనకు తీరిక లేకపోయింది.

గచ్చు పెళ్ళ తీసిచ్చింది నర్సింలే. "సారూ, గిది సున్నం గాదు. గోరుతోని గీస్తే పిండి రాల్తంది సూడు," అన్నాడు ఆ రోజు. "నీ గోరు కంటే నా యాసిడ్‌కి ఎక్కువ తెలుసులేవయ్యా," అని నవ్వేశాడు సుధాకరరావు. సున్నమన్నారు కనుక సున్నం గచ్చే వాడమన్నాడు ఇంజనీరు. రోజుకు నాలుగుసార్లు చొప్పున ఏడు రోజులు నీళ్ళు కొట్టమన్నాడు. వద్దని మొత్తుకున్నా ఎవరూ వినక నర్సింలు నీళ్ళు కొట్టించాడు. ఆరో రోజున పలక ఊడింది.

ఇప్పుడు సుధాకరరావు కారు బానెట్ మీద సీసాలు పెట్టుకున్నాడు. వెనక పైపు చప్పుడు ఆగలేదు. తడి గచ్చు వేళ్ళ మధ్య పెరుగన్నంలా నలిగింది. పరీక్ష గొట్టంలో వేసి యాసిడ్ పోశాడు, పొంగింది. పొంగింది గచ్చులో కలిసిన గవ్వల పొడి, అంతే. పొంగు చల్లారాక ఆ నీళ్ళలో బేరియం ద్రావణం రెండు చుక్కలు వేశాడు. గొట్టమంతా పాలలా తెల్లబడింది. జిప్సం! నీళ్ళు తగిలితే మెత్తబడి కరిగే జిప్సం!

నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. ఈ గొట్టం ఇసుకలో ఒంపేస్తే అడిగేవాడు లేడు. నిజం చెప్పాలంటే, ఒంపడానికి ఆయన చెయ్యి వంచాడు కూడా. అప్పుడే నర్సింలు అరిచాడు. మనిషి అరుపులా లేదు అది. జలంధర్ అతని బొటనవేలిని వెనక్కి విరిచి సిరా పెట్టెకు ఆనిస్తున్నాడు.

"వదులు! వదలవయ్యా అతన్ని!" సుధాకరరావు గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "తప్పు నాది. అది సున్నం కాదు, జిప్సం. నీళ్ళకే కూలింది."

"సారూ, యల్లా, నువ్వు పో. నీ కాయితంల సున్నమనే ఉంది."

సుధాకరరావు కార్బన్ పెట్టిన పుస్తకం తెరిచి, మొదటి రిపోర్టు తప్పని, తప్పు తనదేనని రాసి సంతకం చేశాడు. జలంధర్ పై కాగితం లాక్కుని పరపరా చింపాడు. అడుగు కాగితం పుస్తకంలోనే ఉందని చూసి పైపెత్తి చెవి మీద కొట్టాడు. సుధాకరరావు కళ్ళజోడు ఎగిరిపోయింది. ఇంకో దెబ్బ. ఆయన నేల మీద ముడుచుకుపోయి పుస్తకాన్ని పొట్ట కింద దాచుకున్నాడు. అంతలో రోడ్డు మీద పోలీసు జీపు కనిపించేసరికి జలంధర్ పైపు అవతల పారేసి దానికి ఎదురెళ్ళాడు.

నర్సింలు లేచాడు. తూలుతూ వచ్చి సుధాకరరావును వెల్లకిలా తిప్పి గుండెల మీద కూర్చుని ఎడమ చేత్తో ముఖం మీద గుద్దాడు. కుడి చేతి బొటనవేలు వేలాడుతోంది. "జెప్పిన గద! జెప్పిన గదరా నీకు!" ప్రతి మాటకూ ఒక గుద్దు. పెదవి చిట్లింది, పన్ను కదిలింది. సుధాకరరావు చేతులు అడ్డం పెట్టుకోలేదు. చివరికి అలసిపోయి నర్సింలే పక్కకు ఒరిగి, వెక్కివెక్కి ఏడ్చాడు.

"నా పెండ్లానికి, గౌరవ్వకు, ఏం జెప్పాలె నేను? వానికి గల్ఫ్ వీసా దీయమని మొత్తుకున్నది గామెనే. తమ్మునికి నువ్వున్నవు గద, నాకేం రంది అన్నది. నాకు రాయరాదు. నువ్వే రాయి. ఎట్ల సచ్చిండో నువ్వే రాయి."

జీపు తలుపు చప్పుడైంది. జలంధర్ గబగబా ఏదో చెబుతున్నాడు. సుధాకరరావు లేచి కూర్చుని పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. కళ్ళజోడు లేక అక్షరాలు అలుక్కుపోయాయి. కాగితం మీద నెత్తురు చుక్క పడితే తుడిచి, కలం పెట్టాడు.

"సదువుకుంట రాయి," అన్నాడు నర్సింలు.

సుధాకరరావు పైకి చదువుతూ రాశాడు.

"అమ్మా గౌరవ్వా, మీ ఆయన ముందే చెప్పాడు. నేను వినలేదు. మీ తమ్ముణ్ణి నేను చంపాను."